పెరట్లో పచ్చవల

ఏప్రిల్ నెల

బావా,

నేను, నీ గౌరిని. ఈ ఉత్తరం నీ చేతికి అందేసరికి ఇక్కడ ఏ కాలం నడుస్తుంటుందో తెలియదు. మీ బోటు గుజరాత్ నుంచి వేటకెళ్లి సరిహద్దు దాటిందని పరాయిదేశం వాళ్లు మిమ్మల్ని పట్టుకున్నప్పటి నుంచి, మన వీధి వాళ్ల ఉత్తరాలన్నీ కూర్మయ్య మావే పోగుచేసి మత్స్యశాఖ ఆఫీసు వాళ్లకు ఇచ్చొస్తున్నాడు. ఇంతకుముందు ఫోన్లో నీకేదైనా దాచాలనుకుంటే నా గొంతే పట్టించేసేది. కాగితం మీద దాచడం తేలిక. అందుకే ఇన్నాళ్లూ 'అత్తా నేనూ బాగున్నాం' అని రాస్తూ వచ్చాను. ఈసారి అలా రాయలేను.

మేం బాగా లేం బావా. నువ్వు జైల్లో ఉన్నావని తెలిసిన రోజు నుంచి అత్త నాతో మాట్లాడటం మానేసింది. నేను వండింది తింటుంది, నేను తోడిన నీళ్లు పోసుకుంటుంది, అంతే. నేను గదిలోకి వెళ్తే తను వాకిట్లోకి వెళ్తుంది. రైతుల ఇంటి పిల్ల, గంగపుత్రుల ఇంట్లో కాలు పెట్టి నా కొడుకుని దూరం చేసింది అనుకుంటోందని నాకు అర్థమైంది. మన పెళ్లప్పుడు కూడా ఆమె అలా చూడలేదు. రాజాంలో నువ్వు చేపల ఆటో ఆపుకుని నాకోసం ఎదురుచూసేవాడివని తెలిసినప్పుడు కూడా నవ్వేసింది.

ఏదో ఒకటి చేయకపోతే పిచ్చెక్కేలా ఉండి, పెరట్లో ఇసుక తవ్వి, పేడ కలిపి, వంగ, టమాటా, మిరప నారు వేశాను. మా నాన్న దగ్గర నేర్చుకున్న పని అదొక్కటే. మొక్కలు నిలదొక్కుకున్నాయనుకునేసరికి ఎండలు ముదిరాయి. మన ఇసుక సంగతి నీకు తెలుసు కదా, మధ్యాహ్నం చెప్పుల్లేకుండా బావి దాకా వెళ్లలేం. ఆకులు అంచుల నుంచి మాడిపోతున్నాయి. పూత పూసినట్టే పూసి రాలిపోతోంది. పొద్దున్నా సాయంత్రమూ నీళ్లు పోసినా మధ్యాహ్నానికి తలలు వాల్చేస్తున్నాయి.

నిన్న మా నాన్న వచ్చాడు. మన పెళ్లయ్యాక ఈ గడప తొక్కని మనిషి వచ్చి, "ఇక్కడేటుందని ఉంటన్నావమ్మా? రా, ఎల్పోదాం" అన్నాడు. అత్త వింటూనే ఉంది. ఉండమని ఒక్క మాట అనలేదు. నాన్నను ముందు వెళ్లమని, నేను రేపు వస్తానని చెప్పాను. మళ్లీ తిరిగి రాకూడదనే అనుకున్నాను.

ఈరోజు బట్టలు సర్దుకుని, ఆఖరిసారి మొక్కలకు నీళ్లు పోద్దామని పెరట్లోకి వెళ్లాను. మిట్టమధ్యాహ్నం. అత్త అక్కడుంది. తెడ్లూ వెదురుకర్రలూ ఇసుకలో పాతి, మొక్కల మీద నీడ పడేలా వాటికి తన చీరలు కడుతోంది. పెట్టెలోంచి ఎప్పుడూ బయటికి తీయని ఆ పెళ్లినాటి పసుపు చీర కూడా. నన్ను చూసి, ఇన్ని నెలల తర్వాత మొదటిసారి నోరు తెరిచింది.

"ఆ కొస అట్టుకో. సూత్తావేటి?"

పట్టుకున్నాను. సాయంత్రం దాకా పట్టుకునే ఉన్నాను. ఎండలు తగ్గేదాకా వెళ్లనని నాన్నకు కబురు పంపాను. ఆ తర్వాత సంగతి నాకే తెలియదు.

నీ,
గౌరి


మే నెల

బావా,

పోయిన ఉత్తరం చదివి నువ్వెంత బాధపడి ఉంటావోనని రోజూ అనుకుంటున్నాను. ఈ ఉత్తరం దాన్ని దాటుకుని ముందే నీ దగ్గరికి వస్తే బాగుండును.

చీరలు ఎక్కువ రోజులు నిలవలేదు. వాటి కింద గాలి ఆడక మొక్కలు ఉడికిపోయినట్టయ్యాయి. అప్పుడు నేను రాజాం వెళ్లి నర్సరీల వాళ్లు కట్టే ఆకుపచ్చ నెట్టు తెచ్చాను. కొట్టువాడు బాగా దట్టమైనది ఇవ్వబోయాడు కానీ, సగం ఎండ ఆపి సగం వదిలేదే అడిగి తీసుకున్నాను. మరీ చీకటిగా ఉంటే మొక్క వెలుతురు కోసం సన్నగా సాగిపోతుంది, కాపు రాదు. సరుగుడు గుంజలు పాతి, మనిషి చెయ్యెత్తితే అందేంత ఎత్తులో, డప్పు చర్మంలా బిగించి కట్టాను. పని బాగా చేశాననే అనుకున్నాను. ఆ సాయంత్రమే సముద్రపు గాలి లేచి దాన్ని నిలువునా చింపేసింది. ఒక ముక్క పక్కింటి ఎల్లాజీ వాళ్ల పాక మీద పడింది.

నేను ఇసుకలో కూలబడి ఏడ్చాను. అత్త ఏడవలేదు, నన్ను ఓదార్చనూ లేదు. చిరుగు అటూ ఇటూ తిప్పి చూసి, లోపలికెళ్లి వలలు బాగుచేసే సూదీ దారమూ తెచ్చుకుని కూర్చుంది.

"నువ్వు గాలిని ఆపాలని సూసినావు. గాలి ఆగుతాదేటి? దానికి దారియ్యాల."

బావా, ఆ వేళ్లను నువ్వు చిన్నప్పటి నుంచీ చూస్తూనే ఉండి ఉంటావు. నేను మాత్రం అప్పుడే చూశాను. చిరుగు ఎక్కడుందో మళ్లీ వెతికితే కనపడనట్టు అల్లేసింది. నెట్టు చుట్టూ పాత వల తాడు అంచుగా కుట్టింది, గాలి లాగుడు నెట్టు మీద కాక తాడు మీద పడేలా. మూలల్లో ముళ్లు వదులుగా వేసింది. గాలొస్తే నెట్టు కాస్త ఉబ్బుతుంది, ఊపిరి పీల్చినట్టు, మళ్లీ కిందికి దిగుతుంది. పడమటి ఎండ ఏటవాలుగా పడుతుందని ఆ వైపు మాత్రం కిందిదాకా వేలాడదీసి, మిగతా మూడు వైపులూ తెరిచి ఉంచింది. మబ్బు పట్టిన రోజు దాన్ని ఒక పక్కకు లాగి చుట్టేస్తుంది, తెరచాప దించినట్టు. మొక్కల గురించి నేను చెప్తాను, నెట్టు గురించి ఆమె చెప్తుంది. మా మధ్య మాటలు అవే. కానీ మాటలు ఉన్నాయి.

ఆ తర్వాత మళ్లీ గాలి వచ్చింది, మొదటిసారి కంటే పెద్దది. మేమిద్దరం గుమ్మంలో నిలబడి చూస్తూ ఉన్నాం. నెట్టు ఎగిసిపడింది, కొట్టుకుంది, కానీ ఊడలేదు. అత్త నా భుజం మీద చెయ్యి వేసి ఉందని గాలి తగ్గాక గానీ నేను గమనించలేదు.

కాపు మొదలైంది. వేట నిషేధం కదా, ఈ నెలల్లో అత్త గంపలోకి చేపల్లేవు. అదే గంపలో వంకాయలూ మిరపకాయలూ పోసుకుని, చేపలమ్మే ఊళ్లకే బయల్దేరింది. నేనూ వెనకాల వెళ్లాను. ఒకావిడ వంకాయ వాసన చూసి, "గున్నమ్మా, ఇవి సేపల వాసనొస్తన్నాయే" అంది. అత్త తొణకలేదు. "అయితే మంచిదే కదేటి, ఒక్క కూర వండితే రెండు కూరలు తిన్నట్టుంటాది." ఆ వీధంతా నవ్వింది. నేనూ నవ్వాను బావా. నువ్వు వెళ్లాక మొదటిసారి గట్టిగా నవ్వాను.

ఇప్పుడు మన వీధిలో ఇంకో నాలుగైదు ఇళ్లవాళ్లు నెట్లు తెచ్చుకున్నారు. అన్నింటికీ అంచులు అత్తే కుట్టి ఇస్తోంది. అలాంటి మనిషి ఇన్నాళ్లు నాతో ఎందుకు మాట్లాడలేదో మాత్రం అడగలేకపోయాను. ఆ ముల్లు లోపలే ఉండిపోయింది.

నీ,
గౌరి


జూన్ నెల

ఒరే వినోదూ,

మీయమ్మని. నాను సెప్తంటే నీ పెళ్లాం రాత్తంది. సెప్పింది సెప్పినట్టు రాయమన్నాను. తనకి నచ్చకపోయినా రాయాల.

తొలకరి పడ్డాది. నెట్టు తియ్యలేదు, పెద్ద సినుకులు నారు మీద పడకుండా ఆపుతాదని గౌరి ఉంచమంది. మొక్కల సంగతి దానికి తెలిసినంత నాకు తెల్దు.

నీకు ఒక మాట సెప్పాల. ఇది రాసేటప్పుడు నీ పెళ్లాం నాకేసి సూత్తంది. సూడనీ. ఒసే, ఇది కూడా రాయి.

మీ నాన్న సముద్రంలోకెల్లి రానప్పుడు నా వయసు ఇప్పటి గౌరి వయసే. వత్తాడు, వత్తాడు అని తీరం మీద కూకున్నాను. అందరూ ఓపిక పట్టు గున్నా అన్నోళ్లే గానీ, ఎల్లి బతుకు అన్నోళ్లు ఒక్కళ్లూ నేరు. నువ్వు పట్టుబడ్డావని తెలిసినకాడి నుంచి ఈ గుంటని, గౌరిని, సూత్తే నన్ను నేను సూసుకున్నట్టే ఉండేది. దీనికా బతుకు వొద్దనుకున్నాను. మంచిగా మాటాడితే నన్నొదిలి ఎల్దు. అందుకే మాట మానేసినాను. దాని అయ్యకి కబురెట్టింది కూడా నానే, వచ్చి తీసుకెల్లమని.

(బావా, ఇక్కడ నేను కలం ఆపేశాను. "అత్తా, ఇదేటి?" అన్నాను. "రాయవే, ఆపకు" అంది.)

మరి సీరలెందుకు కట్టినావు అని అడుగుతంది. అది ఎల్పోతాదని తెలుసు. ఎల్పోయినాక ఆ మొక్కలైనా బతికుండాలనుకున్నాను. అది సేసిన పని ఈ పెరట్లో ఒక్కటైనా నిలవాలనుకున్నాను. అంతే. అది కొస అట్టుకుంటాదని నాననుకోలేదు.

నీ పెళ్లాం గొప్పదిరా. ఇసకలో కాపు తీసింది. ఈ వీధిలో ఎవులూ సెయ్యని పని సేసింది. ఈ మాట ఎదురుగా సెప్పడం నాకు సేత కాదు, అందుకని నీకు సెప్తన్నాను, అదే రాసుకుంటంది. ఏడిస్తే ఏడవనీ. నిన్న నా ఎదురుగానే దాని అయ్యకి ఫోన్ సేసి, ఇక రాను అని సెప్పేసింది. అది ఉంటానంటే నా పక్కనుంటాది. ఎప్పుడైనా ఎల్తానంటే నానే బస్సెక్కిస్తాను. నువ్వు మాత్రం వచ్చీరా నాయినా. వచ్చినాక ఎక్కడికీ ఎల్లకు.

ఇలా చెప్పి, మొత్తం చదివి వినిపించమంది బావా. నా గురించిన చోటికి వచ్చేసరికి చదవడం ఆపేశాను. కాగితం నా చేతిలోంచి లాక్కుని, చదవడం రాకపోయినా ఆ వరుసల మీద వేలు పెట్టి, "ఇక్కడేనా గొప్పదని రాసినావు?" అని అడిగింది. అవునన్నాను. "కిందన గీత గియ్యి" అంది. గీశాను.

అమ్మ గున్నమ్మ, వేలిముద్ర
రాసినది ఆమె దగ్గరే ఉండిపోయిన గౌరి