స్నానాల తొట్టెలో ఒంటెపిల్ల

మెర్సర్ వారి ఉన్ని కొట్టం నీడన,
కూపర్ వాగుకి ఉత్తరాన.

అమ్మకు నీ కొడుకు షాదాద్ సలాములతో రాసేది. దేవుడి దయవల్ల నేనూ, మాహో, మా వరసలోని మిగిలిన ముప్పై అయిదు ఒంటెలూ కులాసా. అక్కడ నువ్వూ, చెల్లెలు నాజీ, నీ మేకలూ కులాసా అని తలుస్తాను. మామయ్యా, ఈ ఉత్తరం అమ్మకి చదివి వినిపించేటప్పుడు కిందటిసారిలా మీకు నచ్చని ముక్కలు దాటేయకండి. మీరు దాటేసిన సంగతి ఆవిడ జవాబు చూడగానే తెలిసిపోయింది.

అమ్మా, నీ ఉత్తరం నాలుగు నెలలకి హెర్గాట్ ఊళ్లో అందింది. అందులో నేనెలా ఉన్నానని ఒక్కసారి అడిగావు. మాహో ఎలా ఉందని మూడుసార్లు అడిగావు. నాకేం కోపం లేదులే. చలికాలంలో నీ దుప్పటి కప్పి పెంచింది దాన్నే కదా, నాకు గొంగళే గతి. దాని సంగతి చివర్లో రాస్తాను, ముందు నా గురించి విను.

తిండికి లోటు లేదు. మా చేత్తో కోసిన మేక మాంసమే తింటున్నాం, ఒట్టు. రొట్టెలు మాత్రం మన పక్క లోయవాడు పీరక్ కాలుస్తాడు. అడుగు మాడుతుంది, పైన పచ్చిగా ఉంటుంది. ఇదేమిట్రా అంటే, "మధ్యలో తిను బావా, మధ్యలో బాగానే ఉంటుంది" అంటాడు. సముద్రానికి ఇవతలి ఈ నేల మన వైపులాగే ఉంటుందా అని అడిగావు. రాళ్లు అలాగే ఉంటాయి, కాకపోతే ఎర్రవి. ఉప్పు పొదలు కావలసినన్ని. మామూలుగా రోజుకి ఆరు కోసులు నడుస్తాం, అంతకన్నా ఒక్క అడుగు ఎక్కువ వెయ్యం. దారిలో గుర్రబ్బండ్లవాళ్లు మమ్మల్ని దాటి దుమ్ము కొట్టి పోతారు. రెండు రోజుల తర్వాత వాళ్లే చక్రం విరిగి దారి పక్కన కూర్చుని కనిపిస్తే, పీరక్ తలపాగా సర్దుకుని పెద్దమనిషిలా సలాం చేస్తాడు.

ఈసారి మా బరువులన్నీ ఈ మెర్సర్ దొరసాని గొర్రెల కొట్టానికే. పిండి, చక్కెర, కంచె తీగ, వాటితోపాటు ఒక స్నానాల తొట్టె. ఇనుముది, తెల్లగా, మనిషి కాళ్లు చాపుకునేంత పొడుగు. దాన్ని చూసి పీరక్, "తాగడానికే నీళ్లు లేని చోట తొట్టె ఎందుకురా? ఇసుక పోసుకుని దొర్లుతుందా?" అన్నాడు. ఒక పక్క తొట్టె, రెండో పక్క చక్కెర మూటలు కట్టి, సుల్తాన్ అనే మా పెద్ద మగ ఒంటె మీద వేశాం.

ఇక మాహో. అమ్మా, ఇప్పుడు నా చెవి నీ చేతిలో ఉందనుకో, మెలిపెట్టు. నాలుగు నెలలుగా సుల్తాన్ దగ్గరికొస్తే చాలు, మాహో తోక పైకెత్తుతోంది. మగది దగ్గరికొస్తే తోకెత్తేది చూడి ఒంటే అని నాకు ఆరో ఏట నేర్పావు. నేనేమో, "మా మాహోకి గర్వం ఎక్కువ, ఆ సుల్తాన్ మొహం చూడలేకపోతోంది" అని అందరికీ చెప్పుకుని తిరిగాను. పొట్ట పెరుగుతుంటే ఉప్పు పొదల మహిమ అన్నాను. మీసాలొచ్చిన ఒంటెలవాడిని, నీ కొడుకుని, దాని మీద ఎనిమిది మణుగుల పిండి వేసి నడిపించాను. కూపర్ వాగు ఇంకా రెండు మజిలీలుందనగా ఒక పొద్దున బరువు కట్టబోతే లేవలేదు. తిట్టాను కూడా. ఎండెక్కేసరికి ఈనింది. ఆడపిల్ల. గోధుమ రంగు, కాళ్లే కాళ్లు.

పీరక్ నా వైపు చూసి, "ఏం బావా, ఇదేనా గర్వం? నాలుగు కాళ్లున్నాయి దానికి" అన్నాడు.

నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. మా వరసకంతటికీ పెద్ద అయిన గుల్‌బాజ్ జమేదారు పెషావర్ వైపు మనిషి, చెడ్డవాడు కాదు, కానీ ఇరవై ఏళ్లుగా ఈ బాట మీద ఒక్కసారీ ఆలస్యంగా బరువు దించలేదు. ఆయన కత్తి తీసి నూరుకుంటూ వచ్చాడు.

"బాటలో పుట్టిన పిల్లకి ఇదే పద్ధతి, షాదాద్. నీకు తెలియంది కాదు. తల్లి రెండు రోజులు అరుస్తుంది, మూడో రోజు నడుస్తుంది. నువ్వు చూడలేకపోతే అటు పో."

అటు పోలేదమ్మా. నీ దొడ్లో ఉన్న ఒంటెలన్నీ ఆ కరువులో పోయాక మాహో ఒక్కటే కదా మిగిలింది. తాతయ్య కాలం నుంచి వచ్చిన ఆ రక్తం, ఈ పిల్ల పోతే ఇంక ఎక్కడా లేదు. పిల్లకి అడ్డంగా కూర్చున్నాను. ఏదో మాట్లాడాను. జమేదారు కత్తి ఒరలో పెట్టాడు.

పిల్లని ఎక్కడ కట్టాలి? పీరకే అన్నాడు, "తొట్టె ఖాళీగానే పోతోందిగా!" అని. గొంగళి పరిచి తొట్టెలో పడుకోబెట్టాం. రెండో పక్క చక్కెర మూటల బరువు చాలక పీరక్ తన రొట్టెల పెనం, నా పెట్టె, రెండు రాళ్లు కట్టాడు. అప్పుడు నేను రెండో తప్పు చేశాను. సుల్తాన్‌ని వరసలో మాహో వెనక ఉన్నచోటే ఉంచేశాను. పది అడుగులు వేశామో లేదో పిల్ల వెనకనుంచి అరిచింది, మాహో గిర్రున తిరిగింది. ముక్కుదారం సన్నదే కట్టాను, నువ్వు నేర్పినట్టే, లాగితే తెగేలా. తెగింది. ముక్కు చిరగలేదు, భయపడకు. కానీ దాని వెనక పన్నెండు ఒంటెలు ఒకదాన్నొకటి చుట్టుకుని, కంచె తీగ విప్పుకుని, చక్కెర మూట చింపుకుని... చీమలకి పండగ అయింది. జమేదారు కూర్చుని హుక్కా ముట్టించాడు. తిట్టినా బాగుండేది.

సుల్తాన్‌ని మాహోకి ముందు కట్టాను. పిల్ల కళ్ల ముందు కనిపించేసరికి, అమ్మా, మాహో ఎలా నడిచిందనుకున్నావు! అంత వేగం దానికుందని నాకే తెలియదు. పోగొట్టుకున్న పూట మూడు రోజుల్లో తిరిగొచ్చింది. అనుకున్న రోజుకే ఇక్కడ బరువులు దించాం. దొరసాని తొట్టెలోకి తొంగి చూసి, "నేను రాసి పంపిన చీటీలో ఇది లేదే!" అని ఒకటే నవ్వు. పిల్లకిప్పుడు నడక బాగా వచ్చు, కానీ తొట్టె దిగనని మొండికేసింది. ముగ్గురం పట్టి దించాం. తొట్టె నేనే కడిగాను, నాలుగుసార్లు.

ఇక్కడిదాకా విని నువ్వు నవ్వుతూ ఉంటావు. నవ్వుతుండగానే చెప్పేస్తాను. జమేదారు కత్తి ఎందుకు ఒరలో పెట్టాడో నేను రాయలేదు. మామయ్యా, ఇది దాటేయకండి.

ఆయన ఆ రోజు అడిగింది ఒక్కటే. "ఖర్జూరాలు పండే వేళకి నువ్వు ఓడెక్కి ఇంటికి పోతావు. తల్లి ఒంటెని నాకు అప్పగించి పోతావు, సరే. ఈ పిల్ల పాలు మాని వరసలో నడిచేదాకా రెండేళ్లు దీని వెంట ఎవడు తిరుగుతాడు?"

"నేనుంటాను" అన్నాను.

ఆలోచించి అన్నది కాదు, నోట్లోంచి వచ్చేసింది. తర్వాత ఆలోచించాను. నువ్వు పగళ్లు లెక్కపెట్టుకుంటున్నావని తెలుసు. నాజీ గడప దగ్గర నిలబడుతోందని రాశావు. రోజూ మాహో వెనక నడుస్తూ, వెనక్కి తీసుకుందామా ఆ మాట అని అనుకున్నాను, తీసుకోలేకపోయాను. ఈ ఏడు రాను అమ్మా. పైఏడూ రాను. నాకు ఏడుపొస్తోంది, పీరక్ చూస్తున్నాడని ఆపుకుంటున్నాను.

పిల్లకి ఇంకా పేరు లేదు. జమేదారు 'తొట్టె' అంటాడు, పీరక్ 'దొరసాని' అంటాడు. నేను పెట్టలేదు. మనింట్లో పుట్టిన ఒంటెకి ఇంటి ఆడపెద్దే పేరు పెట్టాలి, అదీ మనసులో కోపం లేనప్పుడే పెట్టాలి అని నువ్వే కదా పెట్టిన కట్టడి. అందుకని అడుగుతున్నాను. నీ జవాబులో తిట్లు ఎన్నయినా ఉండనీ, మామయ్య చేత ఒక్కటీ వదలకుండా రాయించు. కోపం తగ్గాకే, ఎన్నాళ్లకైనా సరే, కింద ఒక్క పేరు రాయించు. అది వచ్చేదాకా దాన్ని ఊరికే ఈల వేసి పిలుస్తాను. పరుగెత్తుకుని వస్తోంది.

ఇట్లు,
రెండేళ్లు ఆలస్యంగా ఇంటికొచ్చే నీ కొడుకు
షాదాద్