నీకు మధ్యది, నాకు పెద్దది

ఇంజనీరమ్మకు,

ఇక్కడ నేనూ, మీ అమ్మగారూ, దుకాణం మెట్ల మీద పడుకునే పిల్లీ అందరం క్షేమం. ప్రతి ఉత్తరంలోనూ ఈ మాట అలవాటుగా రాసేసేవాణ్ణి. ఈసారి మాత్రం కాస్త ఆలోచించి, నిజమే అని తేల్చుకుని రాశాను. నువ్వూ, నీ సొరంగమూ, నీ మాటంటే హడలిపోయే ఆ నలభై మంది పనివాళ్ళూ క్షేమమని తలుస్తాను.

నీ ఉత్తరం సామాన్ల బండిలో బుధవారం చేరింది. అందులో నాకు రెండు పనులు చెప్పావు. ఒకటి, లావుపాటి పుస్తకాలు అక్కడికి మోసుకెళ్ళడం కష్టంగా ఉంది కాబట్టి ఇద్దరికీ ఒకే రకం ఈ-రీడర్లు రెండు కొనమని. రెండోది, అక్కడ పని ఇంకో రెండేళ్ళు పొడిగించారట, ఉంటావో వచ్చేస్తావో నెలాఖరులోగా సంతకం పెట్టి చెప్పాలట. "మీకు అభ్యంతరం లేదని నాకు అర్థమైంది, అయినా ఒక మాట రాయండి" అన్నావు. ఆ 'అర్థమైంది' దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. నాకేమో ముక్క అర్థం కాలేదు. దానికి జవాబు చివర్లో రాస్తాను. తప్పించుకుంటున్నాననుకోకు, ధైర్యం కూడగట్టుకుంటున్నాను. ముందు అవి కొన్న కొట్టు సంగతి చెప్పనీ.

శనివారం మధ్యాహ్నం రెండు సూట్‌కేసులకి చక్రాలు బిగించి, దుకాణం మూసి బయల్దేరాను. అత్తయ్య కూడా చెప్పులేసుకుని సిద్ధంగా ఉన్నారు. "ఎండగా ఉంది, మీరెందుకండీ" అంటే, "మీరొక్కరే వెళ్తే మొదట చూపించింది కొనుక్కొచ్చేస్తారు బాబూ" అన్నారు. పన్నెండేళ్ళ కింద నేను కొన్న గ్రైండరు ఆవిడ ఇంకా మర్చిపోలేదు.

కొట్టులో మాకు వస్తువులు చూపించినావిడ నిజంగా ఓపికమంతురాలు. మూడు రకాలు బల్ల మీద పెట్టింది. మొదటిది చిన్నది, చొక్కా జేబులో పట్టేస్తుంది. అత్తయ్య దాన్ని అటూ ఇటూ తిప్పి, "ఇది పుస్తకమా, సబ్బుపెట్టా?" అన్నారు. తేలిగ్గానే ఉంది కానీ, నాలుగు మాటలు చదివేసరికి పేజీ తిప్పాలి. వేలితో తాకితేనే తిరుగుతుంది. నువ్వు చేతులకి తొడుగులు వేసుకునే ఉంటావు కదా, ప్రతి పేజీకీ తొడుగు విప్పుకుంటూ కూర్చుంటే నీ కోపం నాకు తెలుసు, దాన్ని తీసుకెళ్ళి సిమెంటులో కలిపేస్తావు.

రెండోది మధ్యరకం. దీనికి పక్కన రెండు బొత్తాలున్నాయి, ఒకటి ముందుకి, ఒకటి వెనక్కి. నీ పని గుర్తొచ్చి, నా దగ్గరున్న తోలు తొడుగు వేసుకుని నొక్కి చూశాను. చక్కగా తిరిగింది. నువ్వడిగిన మిగతావాటికి కూడా జవాబులు రాసుకొచ్చాను. ఒకసారి ఛార్జి పెడితే రోజుకో గంట చదివేవాళ్ళకి మూడు వారాలు వస్తుందట, కాబట్టి మీ జనరేటరు ఆగినా బెంగలేదు. నీళ్ళు చిమ్మినా ఏమీ కాదట. "చిమ్మితే సరే, సొరంగం కారితే?" అని అడిగాను. ఆవిడ నవ్వి, "అప్పుడు పుస్తకం సంగతి తర్వాత చూసుకుందురు గాని, ముందు బయటికి పరిగెత్తమనండి" అంది. దుమ్ము విషయం మాత్రం ఆవిడ గట్టిగా చెప్పలేకపోయింది. దాంతో పాటు అమ్మే కవరు చూశాను, కుట్టు వదులుగా ఉంది, మూలలు తెరుచుకునే ఉన్నాయి. అలాంటి కుట్టు నా దుకాణంలో నుంచి బయటికెళ్తే నేను తలెత్తుకుని తిరగలేను. అందుకే నీకు కాన్వాసుతో సంచీ నేనే కుట్టాను. మూత రెండు మడతలు వస్తుంది, దుమ్ము లోపలికి పోదు.

మూడోది పెద్దది, పలక అంత ఉంటుంది. దాంతో ఒక పెన్ను ఇస్తారు, పేజీ పక్కన రాసుకోవచ్చు. ఒక చేత్తో పట్టుకుంటే మణికట్టు లాగుతుంది, ఒళ్ళో పెట్టుకునే చదవాలి. నీలాంటి వాళ్ళకి, అంటే బండి ఊగుతుంటే కూడా చదివేవాళ్ళకి, ఇది పనికిరాదు.

ఒకే రకం రెండు కొనమన్నావు. నేను అలా కొనలేదు. నీకు మధ్యది కొన్నాను, నాకు పెద్దది కొన్నాను. చేతులు పైకెత్తి "ఎందుకండీ?" అని అడుగుతున్నావు కదూ. ఇంక రాయక తప్పదు.

ఏడాదిగా నాకు పుస్తకంలో అక్షరాలు కనబడటం లేదు. నువ్వు సెలవుకొచ్చి వెళ్ళిన నెలకి మొదలైంది. చూసే చోట మరక పడ్డట్టుంటుంది. పేజీ అంచులు కనిపిస్తాయి, గోడలు కనిపిస్తాయి, చదవాల్సిన మాట మాత్రం కనబడదు. జిప్పులు, చక్రాలు చేతివేళ్ళతో తడిమి చేసేస్తున్నాను, ముప్పై ఏళ్ళ అలవాటు కాబట్టి అత్తయ్యకి తప్ప ఎవరికీ తెలియలేదు. ఒక్కసారి మాత్రం ఆకుపచ్చ సంచీకి బూడిదరంగు దారం వేసి ఇస్తే, ఆ సంచీగలావిడ "ఇదేం ఫ్యాషనండీ" అని వెనక్కి తెచ్చింది. నీ ఉత్తరాలు భూతద్దం పెట్టుకుని నేనే చదువుకుంటాను, ఒక్కో ఉత్తరానికి ఒక పూట పడుతుంది. నా అక్షరాలు ఎందుకింత పెద్దవవుతున్నాయని రెండుసార్లు అడిగావు. పెన్ను మొద్దుదని రాశాను. పాపం, పెన్ను తప్పేం లేదు.

ఇన్నాళ్ళూ డాక్టరు దగ్గరికి వెళ్ళలేదు. భయం. మా నాన్న ఆఖరి రోజుల్లో చూపు పోయి గోడ పట్టుకుని నడవడం నువ్వు కూడా చూశావు. డాక్టరు నోటి నుంచి ఆ మాట వినేకంటే తెలియకుండా ఉంటేనే నయం అనుకున్నాను. నీకు చెబితే మర్నాడే సంచీ సర్దుకుని వచ్చేస్తావు. పదిహేనేళ్ళు ఎదురుచూసిన పని, నా కంటి మూలంగా నువ్వు వదులుకోవడం నాకిష్టం లేకపోయింది.

మరి మన నవల సంగతేమిటంటావు. నెలకో అధ్యాయం నువ్వక్కడా నేనిక్కడా చదివి ఉత్తరాల్లో మాట్లాడుకుందామన్నది నేనే. మానేద్దామని నోరు తెరిచి ఎలా చెప్పను? అందుకే ఏడాదిగా మధ్యాహ్నం భోజనం అయ్యాక దుకాణంలో స్టూలు మీద కూర్చుని అత్తయ్య పైకి చదువుతారు, నేను సూది పని చేసుకుంటూ వింటాను. మంచి గొంతు. నీకు రాసిన అభిప్రాయాలన్నీ అలా విని రాసినవే.

ఇప్పుడు కొట్టులోకి మళ్ళీ రా. కొట్టావిడ పెద్దదాన్ని నా చేతికిచ్చి, "మీకు తెలిసిన పుస్తకం ఏదైనా చెప్పండి, తెరిచి చూపిస్తాను" అంది. మన రైలు గేటు కాపలాదారు నవల పేరు చెప్పాను. అత్తయ్య వెంటనే, "అది వద్దు బాబూ, వేరేది చూద్దాం" అన్నారు. ఎందుకో నాకు తట్టలేదు. కొట్టావిడ అక్షరాలు పెంచుకుంటూ పోయింది, పెంచుతూ పెంచుతూ ఒక చోట ఆగింది. మరక పక్కనుంచి మాటలు కనిపించాయి. ఒక మాట, ఇంకో మాట, ఒక వాక్యం. ఏడాది తర్వాత భూతద్దం లేకుండా నా అంతట నేను ఒక వాక్యం చదివాను! అత్తయ్య చెయ్యి గట్టిగా పట్టుకున్నానట, తర్వాత చెప్పారు, గాజు గుచ్చుకుందట.

సంతోషం పట్టలేక పదకొండో అధ్యాయం తియ్యమన్నాను. నాకు చాలా ముచ్చటేసిందని నీకు రాశానే, అది. గేటు కాపలాదారూ భార్యా దెబ్బలాడుకుంటారు, తర్వాత ఆవిడ టీ పెట్టి గేటు దగ్గరికి తెచ్చిస్తుంది, ఇద్దరూ పక్కపక్కనే కూర్చుని రైలు వెళ్ళేదాకా చూస్తారు. నేను విన్నది అది. చదువుతుంటే టీ ఎక్కడా రాలేదు. ఆవిడ పెట్టె సర్దుకుంది. అతను గేటు మూసి జెండా పట్టుకుని నిలబడి ఉండగా, అదే రైల్లో, ఆవిడ వెళ్ళిపోయింది. అతను జెండా దించకుండా, ఒక్క మాట అనకుండా చూస్తూ నిలబడ్డాడు.

అప్పుడు నేను నీకు ఏం రాశానో గుర్తొచ్చింది. "ఆవిడ చేసిన పని నాకెంతో ముచ్చటేసింది. ఏ ఇల్లాలైనా అలాగే చెయ్యాలి. మొగుడు అడ్డు చెప్పకుండా ఊరుకోవడం ఇంకా బాగుంది." నీ ఉత్తరంలోని 'అర్థమైంది' నాకప్పుడు అర్థమైంది. నిలబడ్డవాణ్ణి నిలబడ్డట్టే కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను. ఆ కొట్టావిడ కంగారుపడి, "వెలుతురు ఎక్కువైందా అండీ, తగ్గించమంటారా?" అంటోంది.

బస్సులో అత్తయ్యని అడిగాను. ముందు కిటికీలోంచి బయటికి చూశారు. తర్వాత, "మరేం చెయ్యమంటారు బాబూ? నా కూతురు అంత దూరాన ఉంది. ఇల్లు వదిలి వెళ్ళిపోయే పెళ్ళాం కథ నా నోటితో మీకు చదివి వినిపించనా? నోరు రాలేదు. అందుకే టీ పెట్టించాను" అన్నారు. అత్తయ్య చదివిన పన్నెండు, పదమూడు అధ్యాయాల్లో కూడా కాపలాదారు భార్య ఇంట్లోనే ఉంది. అసలు నవల్లో అతను ఒంటరిగా గోడతో మాట్లాడుకుంటుంటే, అత్తయ్య నవల్లో ఆవిడ వంటింట్లోంచి జవాబులు చెబుతోంది! పైగా కూర బాగుందని అతను మెచ్చుకున్నాడు. నిజం చెప్పొద్దూ, ఆ జవాబులు చాలా బాగున్నాయి. కోప్పడదామని మొదలుపెట్టి నవ్వేశాను. అత్తయ్య మాత్రం నవ్వలేదు. "నా మూలంగా దానికి ఏమైనా రాశారా?" అని అడిగారు. రాసింది చెప్పాను. ఆవిడ ముఖం చూసి నాకే జాలేసింది. ఆవిణ్ణి ఏమీ అనకు. చదవలేకపోతున్నానని నీకు చెప్పకపోవడం నా తప్పు, టీ పెట్టడం ఆవిడ తప్పు. రెండింట్లో నాదే పెద్దది.

సోమవారం పొద్దున్నే ఆవిడే నన్ను కంటి డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళారు. చుక్కలేసి, దీపాలు పెట్టి, గంటసేపు చూశాడు. నేను కుర్చీ చేతులు పట్టుకుని కూర్చున్నాను. "మీ నాన్నగారిది వేరే జబ్బు, మీది వేరు. కంటి వెనక మధ్యలో కాస్త అరిగింది. పోయింది తిరిగి రాదు, కానీ మీకు నెమ్మదిగా సాగే రకమే. చుట్టూ ఉన్న చూపు ఉంటుంది, చీకటైపోదు. మూడు నెలలకోసారి తప్పకుండా రండి. అక్షరాలు పెద్దవిగా, వెలుతురు బాగా పెట్టుకుని చదువుకోండి" అన్నాడు. చీకటైపోదు అన్న మాట మళ్ళీ చెప్పమన్నాను. పాపం, మళ్ళీ చెప్పాడు. బయటికొచ్చాక ఎండలో కాసేపు ఊరికే నిలబడ్డాను. ఎంత తేలిగ్గా అనిపించిందో చెప్పలేను. ఏడాదిగా రోజూ పొద్దున్న లేస్తూనే కిటికీ కనిపిస్తుందా లేదా అని చూసుకునేవాణ్ణి. నిన్న లేవగానే ముందు ఆకలేసింది.

అందుకని నాది పెద్దది. అక్షరాలు అంత పెద్దవి చేస్తే చిన్నవాటిలో పేజీకి రెండు లైన్లే పడతాయి, దీంట్లో తొమ్మిది పడతాయి. మన పేజీ నంబర్లు ఇక కలవవు, అధ్యాయం నంబరుతో మాట్లాడుకుందాం. మధ్యాహ్నాలు ఇప్పుడు నేను పైకి చదువుతుంటే అత్తయ్య వింటున్నారు. పదకొండు నుంచి మళ్ళీ మొదలుపెట్టాం. ఆవిడకి తెలిసిన కథే, అయినా కొంగుతో కళ్ళు తుడుచుకున్నారు.

నీ ఈ-రీడరు ఈ ఉత్తరంతో పాటే రేపటి బండిలో వస్తోంది. నెలాఖరుకి ఇంకా తొమ్మిది రోజులుంది. ఆఫీసు ఫోనులో చెప్పేద్దామనుకున్నాను, కానీ పదిమంది వినే ఫోనులో ఈ మాట నా వల్ల కాదు.

ఇక జవాబు. నా కంటి కోసం రావద్దు. డాక్టరు చెప్పింది పూర్తిగా రాశాను, ఒక్క ముక్క దాచలేదు, నువ్వు పక్కన లేకపోయినా నేను నడవగలను, పని చేసుకోగలను, చదువుకోగలను. ఆ పని నీకు ఇష్టమైతే, ఆ కొండ అవతలి వైపు వెలుతురు నీ కళ్ళతో చూడాలనుంటే, సంతకం పెట్టు. నేను అలగను. మరీ అలిగితే అత్తయ్య ఉన్నారు.

కానీ నాకు అభ్యంతరం లేదనుకుని మాత్రం పెట్టకు. ఉంది. నువ్వు బయల్దేరిన రోజు బస్టాండులో "వెళ్ళిరా, ఇక్కడ నాకేం ఇబ్బంది" అని నవ్వుతూ చెయ్యూపానే, అది అబద్ధం. బస్సు మలుపు తిరిగేదాకా చెయ్యి దించలేదు, దించితే ఏడుస్తానని. నువ్వు లేకపోతే నాకు బాగుండదు. ఏ రోజూ బాగుండలేదు. ఇరవై ఒక్క నెలలుగా కంటి సంగతీ, ఈ ఒక్క మాటా తప్ప అన్నీ రాశాను.

ఇట్లు,
నువ్వు వస్తే బాగుండుననుకునే
నీ ఆయన