లేని కుండను పట్టుకున్నాను

శుక్రవారం

ఒళ్లంతా నొప్పులు. చెవిలో ఇంకా చెరువు నీళ్లు ఉన్నట్టే ఉంది. ఆఫీసు పనుందని అమ్మకు చెప్పి, చెరువు మీద మోటారు బోర్డు నడపడం నేర్చుకోవడానికి వెళ్లాను. తడి జుట్టు చూసి ఆమె తువ్వాలు చేతికిచ్చి వంటింట్లోకి వెళ్లిపోయింది. అదే భయంగా ఉంది.

ఆ బోర్డు అడుగున, నీళ్లలో, ఒక రెక్క ఉంటుంది. దాని మీద నిలబడి చేతిలోని రిమోట్ నొక్కాలి; వేగం అందుకోగానే బోర్డు నీళ్లు వదిలి పైకి లేస్తుంది. లేచిన ప్రతిసారీ నేను పాదాల వంక చూడటం, పడటం. నేర్పే సలీం భాయ్‌కి విసుగొచ్చింది.

"కిందికేం జూస్తున్నవ్ అక్కా? సీదా దూరం జూడు. తలకాయ కదలనియ్యకు!"

అచ్చం అమ్మ మాటే. ఆమెకు మోకాలు నొప్పి, అందుకని ఈసారి అమ్మవారికి బోనం నేనే ఎత్తాలి. వారం నుంచి ఖాళీ కుండ నెత్తిన పెట్టి ఇంట్లో నన్ను నడిపిస్తోంది. "తలకాయ కదిలిందా, బోనం కింద పడ్తది బిడ్డా. గట్లయితే ఇంటికి మంచిది గాదు."

మెడ నిలబెట్టాను. బోర్డు లేచింది. కింద చప్పుడే లేదు. ఎంత హాయి! అంతలో కొంచెం ఒరిగింది. కాళ్లు సర్దుకోవాల్సింది పోయి, రిమోట్ వదిలేసి, రెండు చేతులూ నెత్తి మీదికి తీసుకెళ్లాను, లేని కుండను పట్టుకోవడానికి. దభీమని పడ్డాను.

"తలకాయ పట్కున్నవేంది అక్కా?" అని సలీం భాయ్ ఒకటే నవ్వు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

ఎల్లుండి ఛత్రినాక సందుల్లో, డప్పుల మధ్య, నెత్తిన నిండు బోనం ఉంటుంది. కింద నీళ్లుండవు.