గాజుతొట్టిలో మడమొక్కలు

చిన్నోడా, మీ అమ్మ పెంచిన మడమొక్కలను చంపినంత పని చేసింది నువ్వే. "సముద్రపు మొక్కే కదా నాన్నా, ఉప్పు లేకపోతే ఎలా?" అంటూ గాజుతొట్టిలో నీళ్లు తగ్గినప్పుడల్లా ఉప్పునీళ్లే పోశావు. ఆవిరయ్యేది నీళ్లు, ఉప్పు కాదు. అది పేరుకుని ఆకులు మాడాయి. కుళ్లిన వేళ్లు కత్తిరించి, సగం నీళ్లు మార్చాను. నేను డ్యూటీ దిగి వచ్చేలోపు తొట్టి మీది గీత కిందికి నీళ్లు తగ్గితే మంచినీళ్లే పొయ్యి. ఆకుల మీద తేలిన ఉప్పు తడిగుడ్డతో తుడువు. మళ్లీ మొదటినుంచి పెంచే ఓపిక నాకు లేదు. అన్నం మూతపెట్టాను, తిను.

మీ అమ్మ ఆసుపత్రికి వెళ్లేముందు నాటినదానికి పొద్దున చిగురు కనిపించింది. అది బతికినా చచ్చినా ఈ ఉప్పునీళ్ల సంగతి ఇక నా నోట రాదు. నువ్వూ ఎత్తకు.