ముత్తాతగారి కీర్తన

స్టాన్‌మోర్

అమ్మకు, జెమీమా ప్రేమతో రాసేది.

ఫోన్ చేస్తే స్పీకర్లో పెడతావు, నాన్న వింటాడు. అందుకే ఈ ఉత్తరం.

వచ్చే నెల వెంబ్లీలో మా చర్చి వార్షికోత్సవం. ముత్తాతగారి కీర్తన పాడమని షాలేమ్ రాజు పాస్టర్‌గారు అడిగారు. నేను పాడనమ్మా.

మంగళవారం నేను పనిచేసే వృద్ధుల కేర్ హోమ్‌లో డోరతీగారి పక్క సర్దుతూ ఆ కీర్తనే కూనిరాగం తీస్తున్నాను. ఆవిడకు తొంభై ఆరేళ్ళు. పొద్దున ఏం తిన్నదో గుర్తుండదు. అలాంటిది ఠక్కున ఇంగ్లీషులో అందుకుంది! వరస అచ్చంగా మనదే. మాటలు మాత్రం తోట గేటు దగ్గర ముద్దు గురించి.

"ఇది మా చర్చి పాటండీ" అన్నాను.

కట్టుడుపళ్ళు జారేటంత నవ్వింది. "చర్చా? 1911లో సముద్రపు ఒడ్డున నాటకశాలలో పుట్టిందమ్మాయ్. మా నాన్నే పియానో వాయించాడు. ఆ ఏడాది పాలవాడి దగ్గర్నుంచి అందరి నోటా ఇదేనట!"

బీరువాలోంచి అచ్చు కాగితం కూడా తీయించింది. అట్ట మీద మీసాలాయన ఒకమ్మాయి ముందు మోకాళ్ళ మీద ఉన్నాడు. ప్రార్థన కోసం కాదు.

ముత్తాతగారికి దేవదూత కలలో నేర్పిందని ఊరంతా చెప్పుకున్నాం కదమ్మా. పెళ్ళికీ చావుకీ ఇదే పాడాం. బాత్రూంలోకెళ్ళి ఏడ్చాను. గొంతు బాగాలేదని పాస్టర్‌గారితో చెప్పేస్తాను.

నీ జెమీమా

బాపట్ల

చిట్టితల్లికి, అమ్మ దీవెనలు.

దేవదూత కాదే, మిషన్ బంగళాలో గ్రామఫోను. మా తాత అక్కడి బడిలో పంతులు. కిటికీ కింద నిలబడి వరస పట్టాడు. "రత్నమా, రావే" అని తెలుగు మాటలు కట్టి, కాంపౌండరుగారి అమ్మాయి రత్నమ్మ కోసం వాళ్ళ గోడ పక్కన రోజూ పాడేవాడు. ఒకనాడు కాంపౌండరుగారే బయటికొచ్చారు.

"ఏంట్రా అది?"

"కీర్తనండీ."

"ఏదీ, పాడు."

తాత చెమటలు కక్కుతూ, రత్నమా అన్నచోటల్లా ప్రభువా అని పెట్టి నాలుగు చరణాలూ పాడేశాడు. ఆయన కళ్ళు తుడుచుకుని, ఆదివారం చర్చిలో పాడమన్నారు. ఏడాది తిరక్కుండా పిల్లనిచ్చారు. ఇదంతా మా నాయనమ్మే చెప్పింది. దేవదూతను తర్వాత మా నాన్న చేర్చాడు.

సిగ్గుపడకుండా పాడు. యాభై ఏళ్ళు చర్చిలో తాత "ప్రభువా" అంటూ ఆడవాళ్ళ వైపే చూసేవాడు. నాయనమ్మ ముసుగులో నవ్వు దాచుకుని, అందరికంటే గట్టిగా "ఆమేన్" అనేది.

అమ్మ,
మణెమ్మ