అరవై ఒకటో నంబరు ల్యాంపు

నవంబర్ 10, సోమవారం

గురువారం మా బాయికి హీరో వస్తున్నాడట. షూటింగు. బొగ్గు బాయి కార్మికుడి వేషం. మేనేజరు పొద్దున్నే అందరినీ నిలబెట్టి చెప్పాడు — గడ్డాలు గీసుకోండి, బూట్లు కడుక్కోండి, సెల్ఫీల కోసం మీద పడకండి.

నాకేం ఉత్సాహం లేదు. పెద్దోళ్లను చూశాం. మూడేళ్ల కింద ఒక నాయకుడు వచ్చాడు. ల్యాంప్ రూమ్‌లో నేనే ఆయన టోపీకి ల్యాంపు పెట్టాను. ఫొటో కోసం నా చెయ్యి పట్టుకుని ఊపాడు. ఫొటో అయిపోగానే పక్కవాడు సీసా తెరిచి ఆయన అరచేతిలో చేతులు శుభ్రం చేసుకునే మందు పోశాడు. నా ముందే రుద్దుకున్నాడు. ఇంటికొచ్చి వారం రోజులు తిట్టాను.

మా ఇంటామె రూతు మాత్రం అప్పుడే మొదలుపెట్టింది. "ఫొటో దిగకుంట ఇంటికి రాకు" అని.

నవంబర్ 11

ల్యాంప్ రూమ్‌కు సున్నం వేశారు. అయిదేళ్లుగా అడుగుతున్నా. ఒక్క హీరో పేరు చెబితే ఒక్క పూటలో అయిపోయింది.

నవంబర్ 13, గురువారం. సాయంత్రం నాలుగున్నర

ముందు ఇది రాయాలి — మనిషంటే ఆయనే. నేను ఓడిపోయాను, ఒప్పుకుంటున్నా.

వ్యాను దిగి సీదా ల్యాంప్ రూమ్ కిటికీ దగ్గరికి వచ్చాడు. "మీ పేరేంటన్నా?" అన్నాడు. దావీదు అన్నాను. ఆ తర్వాత పొద్దంతా దావీదన్నా, దావీదన్నా. పక్కన కెమెరా లేనప్పుడు కూడా.

లోపలికి పోయేవాడు తన ఇత్తడి బిళ్ల ఇచ్చి ల్యాంపు ఎందుకు తీసుకుంటాడో అడిగాడు. చెప్పాను. బిళ్ల ల్యాంపు ఉండే చోట కొక్కేనికి వేలాడుతుంది. మనిషి పైకొచ్చి ల్యాంపు ఇస్తే బిళ్ల ఇచ్చేస్తాం. ల్యాంపు రాలేదంటే మనిషి రాలేదు. ఆ మనిషి దొరికేదాకా ఎవ్వరూ ఇంటికి పోరు. "ముప్పై నాలుగేళ్లలో మీ లెక్క ఎప్పుడైనా తప్పిందా అన్నా?" అన్నాడు. లేదన్నాను. గొప్పగానే అన్నాను.

విజిటర్ ల్యాంపులు మసక. ఫొటో బాగా రావాలని కెమెరా వాళ్లు గొణిగారు. లోపల పనిచేసే కొమురయ్య సెలవులో ఉన్నాడు కదా, వాడి అరవై ఒకటో నంబరు ల్యాంపు కొత్తది, తెల్లగా వెలుగుతుంది. అది తీసి ఇచ్చాను. రిజిస్టర్‌లో మాత్రం విజిటర్ ల్యాంపు అనే రాశాను.

కింద ఓదెలు బావ సెక్షన్‌లో షూటింగు. బావ సర్దారు కదా, లోపల ఆ సెక్షన్ మనుషులంతా ఆయన పూచీ, ఆయన చెయ్యి పట్టుకునే హీరో నడిచాడట. పైకొచ్చాక బావ టిఫిన్ డబ్బా తెరిస్తే, ఆయన భార్య రాజేశ్వరి చెల్లె చేసిన సర్వపిండి ముక్క విరుచుకుని తిన్నాడు. ఇంకో ముక్క అడిగి తిన్నాడు. బావ ఫోన్లోంచి చెల్లెకు చేసి "అక్కా, మీ చేతికి దండం" అన్నాడు. చెల్లె ఏడ్చిందట.

పోయే ముందు నా దగ్గరికొచ్చాడు. టోపీ ఇచ్చాడు. ల్యాంపు చేతిలో పెట్టుకుని, "అన్నా, ఇది నేను ఉంచుకోవచ్చా? మా నాన్నకు చూపిస్తాను. కుదరదంటే ఏం పర్లేదు" అన్నాడు.

కుదరదు అనాల్సిన మాట. కుదరదు అనడమే నా ఉద్యోగం. "తీస్కపోండి సార్, మా గుర్తుగ ఉంటది" అన్నాను. రిజిస్టర్‌లో అన్నీ తిరిగి ముట్టినవని రాసి సంతకం పెట్టాను. రేపు స్టోరు నుంచి ఇంకోటి తెచ్చి నంబరు వేస్తే సరి.

ఫొటో అదిరింది. ఆయన చెయ్యి నా భుజం మీద. మూడింటికి డ్యూటీ దిగాను, అప్పటినుంచి ఫోన్ ఆగడం లేదు. బిడ్డ, బామ్మర్ది, చర్చి వాళ్లు... అందరికీ పంపుతున్నా. నా తర్వాత షిఫ్టుకు ల్యాంప్ రూమ్‌లో కూర్చున్న సదయ్య ఇప్పటికి నాలుగుసార్లు చేశాడు. వాడికీ ఫొటో కావాలి కాబోలు. ముందు చుట్టాలకు కానీ.

నవంబర్ 14

ఓదెలు బావ దవాఖానలో ఉన్నాడు. నా వల్ల.

నవంబర్ 15, శనివారం

నిన్న రెండు ముక్కలు రాసి పుస్తకం మూసేశాను. ఇవాళ మొత్తం రాస్తా. ఇక్కడ కూడా రాయకపోతే ఇంకెక్కడ?

సదయ్య ఫొటో కోసం చెయ్యలేదు. లెక్క చూశాడు. అరవై ఒకటి లేదు. కొమురయ్యకు ఫోన్ చేస్తే ఎత్తలేదు — వాడు సెలవు పెట్టి కూడా డ్యూటీకి వచ్చే రకం, మస్టర్‌లో హాజరు పడకుండా దిగిన రోజులు కూడా ఉన్నాయి. నాకు చేశాడు. బిజీ. మళ్లీ బిజీ. కలిసినప్పుడు నేను ఎత్తలేదు.

బావ అప్పటికే స్నానం చేసి బండి మీద కూర్చున్నాడట. లెక్క తప్పిందని వినగానే దిగాడు. "నా సెక్షన్ల మనిషి ఉంటే నేనెట్ల ఇంటికి పోత?" అన్నాడట. ఇద్దరిని తోడు తీసుకుని మళ్లీ లోపలికి పోయాడు. షూటింగు జరిగిన చోట, కొమురయ్యా, కొమురయ్యా అని పిలుస్తూ... కప్పు నుంచి పెళ్ల ఊడి నడుము మీద పడింది.

కొమురయ్య ఆ టైంలో మంచిర్యాలలో పెళ్లి భోజనం చేస్తున్నాడు.

బావకు నడుము కింద స్పర్శ లేదు. డాక్టరు బొటనవేలికి సూది గుచ్చాడు. బావ పైకప్పు వైపే చూస్తున్నాడు. "గుచ్చుతున్నరా, అయిపోయిందా?" అని అడిగాడు.

నేనూ బావా ఒకే రోజు డ్యూటీలో చేరాం. ఒకే బెంచీ మీద కూర్చుని బూట్లు తొడుక్కున్నాం. ఆయన సర్వపిండిలో సగం ఇన్నేళ్లు నాదే.

ల్యాంపు ఏమైందని మేనేజరు అడిగాడు. తెలియదన్నాను.

నవంబర్ 16

ఆదివారం. చర్చిలో అందరూ రొట్టె తీసుకోవడానికి ప్రభువు బల్ల దగ్గరికి పోయారు. నేను పోలేదు. కడుపు బాగాలేదని చెప్పాను. ఇంకో అబద్ధం.

నవంబర్ 17, సోమవారం

హీరో ఆన్‌లైన్‌లో పెట్టిన ఫొటో బయటపడింది. వాళ్ల ఇంట్లో టేబుల్ మీద ల్యాంపు. నంబరు కనబడుతోంది. మధ్యాహ్నానికల్లా గోదావరిఖని అంతా ఒకటే మాట — ల్యాంపు దొంగ. మా ఓదెలన్న నడుము విరగ్గొట్టిన దొంగ.

నేనిచ్చానని ఆయన ఒక్క మాట అంటే అయిపోయేది. అనలేదు. ఫొటో తీసేశాడు, అంతే.

నవంబర్ 18

చౌరస్తాలో హీరో దిష్టిబొమ్మ. సగం కాలనీ అక్కడే. నేను వెనక నిలబడ్డాను, తేలు కుట్టిన దొంగలా. ఎవరో చూశారు. "దావీదన్న ఇక్కడున్నడు! మొదటి దెబ్బ నువ్వే కొట్టాలె అన్నా, ల్యాంపు నీది, బావ నీవాడు" అని చేతిలో చెప్పు పెట్టారు.

కొట్టాను. ఒక్కటి కాదు, నాలుగు. జనం ఈలలు వేశారు. ఇంటికొచ్చి ఆ చెయ్యి సబ్బుతో రెండుసార్లు కడుక్కున్నాను.

అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టు. బీడీ ముక్క జేబులో దొరికితే మనుషులను వెనక్కి పంపిన నేను. బిళ్ల మరిచిపోయాడని సొంత తమ్ముడిని గేటు దగ్గర ఆపిన నేను.

నవంబర్ 19

రూతుకు చెప్పేశాను. స్టవ్ ఆపి వచ్చి కూర్చుంది. తర్వాత — "జూన్ల రిటైర్మెంటు. ఇప్పుడు తీసేస్తే క్వార్టర్ పాయె, నా గుండె మందుల కార్డు పాయె. ఆయనే నోరు మూసుకున్నడు గద, నీకేమాయె?"

మళ్లీ తనే, "రాజేశ్వరి మొకం ఎట్ల చూడాలె నేను" అంది.

నవంబర్ 20, గురువారం

ఆయన వచ్చాడు. దవాఖానకు. చెప్పకుండా, కెమెరా లేకుండా, ఒక్క మనిషి తోడు. గేటు దగ్గర పిల్లలు బొగ్గు పొడి చల్లారు. తెల్లచొక్కా మీద మరకతోనే వార్డులోకి వచ్చాడు.

నేను బావ మంచం పక్కనే ఉన్నాను. పారిపోదామంటే దారిలో ఆయనే ఉన్నాడు.

రాజేశ్వరి లేచింది. "నా సర్వపిండి తిన్న నోరేనా ఇది? అక్క అన్న నోరేనా? అడిగితే ఇయ్యకపోదుమా, దొంగతనంగ ఎందుకు తీస్కపోయినవ్ రా?" రా అంది. అంత పెద్ద మనిషిని. ఆయన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "తప్పు నాదే అక్కా" అన్నాడు.

బావ మొహం గోడ వైపు తిప్పుకున్నాడు. "పొమ్మను" అన్నాడు నాతో. "బావా, వీణ్ణి పొమ్మను."

నేను, ఆ మనిషి మొహంలోకి చూసి, "పోండి సార్" అన్నాను.

ఆయన నన్ను చూశాడు. ఒక్కసారి. కోపం లేదు. ఉంటే బాగుండేది.

వరండాలో వెనక పడ్డాను. "ఎందుకు చెప్తలేరు సార్, నేనిచ్చిన్నని?" అన్నాను. ఎవరైనా వింటారేమోనని చుట్టూ చూస్తూనే అన్నాను. అది కూడా రాయాలి.

"మీకింకా ఎంత సర్వీసు మిగిలిందన్నా?"

"ఏడు నెలలు."

"అడిగింది నేను. మిమ్మల్ని కాదనలేని చోట నిలబెట్టి అడిగాను. నన్ను తిట్టి తిట్టి వాళ్లే మరిచిపోతారు. మిమ్మల్ని మరిచిపోరు" అన్నాడు. భుజం మీద చెయ్యి వేశాడు. ఫొటోలో వేసిన భుజమే.

నవంబర్ 21

నిన్నటి నుంచి ఆయన మీద కోపం. సిగ్గు లేని కోపం, అయినా వస్తోంది. ఎవరు అడిగారు ఆయన్ని దయ చూపమని? మందు రుద్దుకున్న నాయకుడు నయం. వాణ్ణి తిట్టుకున్నాను, అన్నం తిన్నాను, పడుకున్నాను. వాడు అడిగి ఉంటే ల్యాంపు ఇచ్చేవాణ్ణి కాదు, రూలు పుస్తకం తీసి మొహం మీద పెట్టేవాణ్ణి. ఈయన అన్నా అన్నాడు, నేను కరిగిపోయాను. ఇన్నేళ్లుగా బిళ్ల ఇచ్చి పోయినవాళ్లు అందరూ అన్నా అనే పిలిచారు కదా. వాళ్లెవరి కోసమూ నేను అట్లా పొంగిపోలేదు.

నవంబర్ 22

పార్సిల్ వచ్చింది. అరవై ఒకటి. శుభ్రంగా తుడిచి, గుడ్డలో చుట్టి పంపాడు. ర్యాక్‌లో పెట్టాను. చార్జింగు ఎక్కుతోంది. కొమురయ్య దాన్ని ముట్టనంటున్నాడు.

నవంబర్ 24, సోమవారం

ఎంక్వైరీ కాగితం ఇచ్చారు. బుధవారం పదింటికి. ఆయన రాతపూర్వకంగా పంపాడట — ల్యాంపు ఎవరికీ చెప్పకుండా నేనే తీసుకెళ్లాను, అని. అది నిజమా కాదా, ల్యాంప్ రూమ్ డ్యూటీలో ఉన్న నేను చెప్పాలి. పోలీసు కేసు పెట్టాలని రాజేశ్వరి అర్జీ ఇచ్చింది. సాక్షి పేరు దగ్గర నా పేరు. నన్ను అడగను కూడా అడగలేదు. అడగాల్సిన అవసరం ఉందని ఆమెకు తట్టి ఉండదు.

ఇన్నాళ్లు నోరు మూసుకుంటే చాలు అనుకున్నా. ఇక మూసుకుంటే చాలదు. నోరు తెరిచి అవును అనాలి.

రూతు నా డ్యూటీ చొక్కా ఉతికి ఆరేసింది.

నవంబర్ 25

సాయంత్రం బావ దగ్గర కూర్చున్నా. చెప్పేద్దామనే పోయాను. వీపు కింద దిండు సర్దాను, గడ్డం గీశాను. బావా అన్నాను. ఏంది అన్నాడు. ఏం లేదన్నాను.

ఆయనే మాట్లాడాడు. "లోపల పిలుసుకుంట పోతుంటే నాకొక్కటే ధీమా బావా. దావీదు లెక్క తప్పదు, ల్యాంపు లేదంటే మనిషి ఉన్నట్టే. గందుకే ఎనుకకు రాలే."

ఇంటికి నడిచే వచ్చాను. బండి దవాఖాన దగ్గరే మరిచిపోయాను.

నవంబర్ 26, బుధవారం

పదిన్నర. ఆఫీసు బయట బెంచీ. మోకాలి మీద పెట్టి రాస్తున్నా.

రాజేశ్వరి పొద్దున్నే వచ్చి కూర్చుంది. రాత్రంతా దవాఖానలో, తెల్లవారి ఇంటికి పోయి చేసుకొచ్చిందట. డబ్బా తెరిచి సర్వపిండి విరిచి నా చేతిలో పెట్టింది. ఎప్పుడూ ఇచ్చే సగం. బావ లేకపోయినా సగమే ఇచ్చింది, మిగతా సగం డబ్బాలో ఉంచి మూత పెట్టింది.

"తినిపో అన్నా. ఉత్త కడుపుతోని పోతే గొంతు లేవది. గట్టిగ చెప్పాలె."

తింటున్నాను. ఆమె నన్నే చూస్తోంది.

ప్యూన్ వచ్చి నా పేరు పిలిచాడు. ముక్క ఇంకా నోట్లోనే ఉంది. మళ్లీ పిలుస్తున్నాడు —