గురువారం నేను చెప్పబోయే మాట

అక్కా,

బావ ఇంట్లో ఉంటే ఈ ఉత్తరం తర్వాత చదువు.

మా లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేసే పెద్ద రోలరులో నా పక్కన పనిచేసే పొడుగమ్మ చెయ్యి పడింది కదా. బావ మా సూపర్‌వైజరు కాబట్టి తప్పు ఆమెదేనని నీకు చెప్పే ఉంటాడు. కాదక్కా. చేతులు లోపలికి పోకుండా ఉండే అడ్డురేకు ఆ ఉదయం తీయించింది బావే. "దీనివల్ల పని నత్తనడక నడుస్తోంది" అన్నాడు. నేను రెండడుగుల దూరంలో ఉన్నాను. ఆమె అరుపు విని మిషను ఆపింది నేనే.

సాయంత్రం ఒక కాగితం తెచ్చాడు. రేకు పొడుగమ్మే తీసిందని రాసి ఉంది. "మీ అక్క కాపురం గుర్తుపెట్టుకుని సంతకం చెయ్యి" అన్నాడు. చేశాను. 

నిన్న ఆసుపత్రికి వెళ్లాను. పొడుగమ్మకు మూడు వేళ్లు తీసేశారు. "ఆ రేకు నేను తియ్యలేదని నీకు తెలుసుగా?" అంది. తలూపాను. 

చిన్నప్పటినుంచీ నా తరఫున నువ్వే మాట్లాడేదానివి. దీనికి నోట్లో నాలుక లేదని అందరూ నవ్వేవాళ్లు. గురువారం విచారణ. సంతకం నాదే గానీ మాట నాది కాదని చెప్పేస్తాను. నీ సంసారంలో నిప్పులు పోసినదాన్ని అవుతానేమో. తిట్టు. నన్ను మాత్రం ఆపకు.

నీ చెల్లి

*

చెల్లీ,

నీ ఉత్తరం బుధవారం అందింది. దాచడమెందుకు, ముందు నిన్ను ఆపడానికే బయలుదేరాను. మీ వీధి మలుపు దాకా వచ్చి ఆగిపోయాను. నీ తరఫున మాట్లాడీ మాట్లాడీ నీ నోరు మూసింది నేనేనేమో అనిపించింది.

ఇంటికి తిరిగొచ్చి ఉత్తరం ఆయన ముందు పెట్టాను. చదివి చించబోయారు. ఆయన మణికట్టు పట్టుకున్నాను.

"వదులు" అన్నారు.

"ముందు మీరు వదలండి" అన్నాను. ఇన్నేళ్లలో ఆయనకు ఎదురు చెప్పడం అదే మొదలు.

గురువారం విచారణలో నువ్వు నీ నోటితోనే అంతా చెప్పావట. ఆయన ఔననలేదట, కాదనలేదట. ఆయన ఉద్యోగం పోయింది. ఐదు రోజులుగా ఇంట్లోనే ఉన్నారు. నిన్నూ తిట్టలేదు, నన్నూ తిట్టలేదు. నాకు అందుకే ఎక్కువ భయమేసింది.

ఈ పొద్దున గోడకేసి చూస్తూ, "ఆమెది కుడి చెయ్యా, ఎడమ చెయ్యా?" అన్నారు. అదే లాండ్రీలో ఉండీ ఆ రోజు ఆమె వైపు చూడనే లేదన్నమాట.

"నన్నడుగుతారేం? వెళ్లి చూడండి" అన్నాను.

 తర్వాత లేచి గడ్డం గీసుకున్నారు. ఉతికిన చొక్కా వేసుకుని, ఆసుపత్రిలో ఎన్నో వార్డు అని మాత్రం అడిగి వెళ్లారు. గుమ్మంలో నిలబడ్డాను. వీధి చివర ఒకసారి ఆగారు. వెనక్కి తిరగలేదు, ఆసుపత్రి దారినే సాగిపోయారు.

నీ అక్క